నలభై ఏడో నంబరు వస్తువు

ఫిబ్రవరి పదో తేదీ, సోమవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, కాకినాడలోని ప్రాంతీయ వర్షపాత నమోదు కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్న వెలుగుబంటి హైమవతికి ఒక మెమో అందింది. మర్నాడు ఆపరేషన్లో ఆమె ఒంట్లోంచి తీయబోయే వస్తువు ప్రభుత్వ ఆస్తి అనీ, అనుమతి లేకుండా దాన్ని కదిలించరాదనీ, అందువల్ల ఆమె సెలవు రద్దు చేయడమైనదనీ అందులో ఉంది.

హైమవతి మెమో రెండుసార్లు చదివారు. తర్వాత ఆస్పత్రికి ఫోన్ చేసి ఆపరేషన్ వాయిదా వేయించుకున్నారు.

ఆమెకు యాభై ఆరేళ్ళు. పదకొండేళ్ళ కిందట ఎడమ రొమ్ములో క్యాన్సర్ వచ్చింది. రొమ్ము తీసేసి, అదే ఆపరేషన్లో ఆ చోట సిలికాన్ ఇంప్లాంట్ అమర్చారు. దానికి జత కుదిరేలా కుడివైపు కొంచెం సరిచేశారు. బిల్లులు ఆఫీసుకు పెట్టుకున్నారు. ఎడమవైపు బిల్లు మంజూరైంది. కుడివైపుది "సౌందర్య సంబంధమైనది" అన్న మాటతో తిరిగొచ్చింది.

మంజూరైన బిల్లు స్టోర్‌కీపర్ దొమ్మేటి సత్తిరాజు బల్ల మీదికి వెళ్ళింది. దానికి జతచేసిన కాగితంలో ఇంప్లాంట్ వరస నంబరు ఉంది. పగిలితే కంపెనీ ఇంకోటి ఇస్తుందన్న హామీ ఉంది. వరస నంబరూ వారంటీ ఉన్న ప్రతి వస్తువునూ ఆఫీసు సామాన్లు నమోదు చేసే డెడ్ స్టాక్ రిజిస్టరులో రాయాలన్నది నిబంధన. సత్తిరాజు రాశాడు. నలభై ఆరో నంబరు గోడ గడియారం. నలభై ఎనిమిది ఇత్తడి వర్షమాపకం. మధ్యలో నలభై ఏడు. "వస్తువు ఉన్న చోటు" అనే గడిలో "శ్రీమతి వి. హైమవతి, ఎడమ" అని ఉంది.

ప్రతి మార్చిలో భౌతిక తనిఖీ జరుగుతుంది. సత్తిరాజు రిజిస్టరు పట్టుకుని గది గదికీ తిరుగుతాడు. హైమవతి బల్ల దగ్గర ఆగి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఉందా అమ్మా?" అని అడుగుతాడు. "ఉందండి" అంటారు ఆమె. అతను టిక్కు పెడతాడు. పదేళ్ళపాటు ఈ పద్ధతిలో ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

పోయిన దసరా నుంచి ఎడమవైపు గట్టిపడడం మొదలైంది. జనవరికి రాయిలా అయింది. ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోయారు. జడ వేసుకోవడానికి ఎడమ చెయ్యి లేచేది కాదు. స్కాన్ తీయించారు. ఇంప్లాంట్ పైపొర చిట్లిందని తేలింది.

"కంగారు పడే పని లేదమ్మా. కానీ తీసేయాలి" అన్నారు ప్లాస్టిక్ సర్జన్ డాక్టర్ షేక్ రెహానా. "ఏ ఇంప్లాంటూ జీవితాంతం ఉండేది కాదు. ఒకరికి పదేళ్ళు, ఒకరికి ఇరవై. దాని చుట్టూ ఒళ్ళు ఒక పొర కట్టుకుంటుంది. కొందరిలో ఆ పొర బిగుసుకుపోయి నొక్కేస్తుంది. చిట్లినా చాలామందికి తెలీదు. అందుకే నొప్పి లేకపోయినా మధ్యమధ్యలో స్కాన్ చేయించుకోమంటాం. అందం కోసం పెట్టించుకుంటామని వచ్చే పిల్లలకీ ఇదే చెప్తాను. ఒక్క ఆపరేషన్‌తో అయిపోతుందనుకుని రావద్దంటాను."

హైమవతి సెలవు చీటీ రాశారు. "ఇంప్లాంట్ తీసివేయించుకొనుటకు" అని కారణం రాశారు. అది పొరపాటని తర్వాత తెలిసింది.

మెమో అందిన రోజే ఆమె స్టోర్ గదికి వెళ్ళారు.

"ఏటండి సత్తిరాజు గారూ ఇది?"

"నన్నేం చెయ్యమంటారమ్మా. జ్వరం అని రాసుంటే ఏ గొడవా ఉండేది కాదు. 'తీసివేయించుకొనుటకు' అని రాశారు. రిజిస్టర్లో ఉన్నదాన్ని తీసెయ్యాలంటే కండెమ్నేషన్ కమిటీ కూర్చోవాలండి. కుర్చీ కాలు విరిగినా అంతే కదండీ."

"నేను కుర్చీనా అండీ?"

"అబ్బెబ్బే, మీరెందుకవుతారండీ. మీరు రిజిస్టర్లో లేరు."

హైమవతి అక్కడినుంచి ఉప సంచాలకుడి గదికి వెళ్ళారు. ఉప సంచాలకుడు చామర్తి విశ్వేశ్వర ప్రసాద్ ఈ కార్యాలయానికి వచ్చి ఏడు నెలలైంది. ఆమెను కూర్చోమన్నారు.

"అమ్మా, మీ బాధను కార్యాలయం సానుభూతితో పరిశీలించింది. అయితే సానుభూతికి ఫైలు ఉండదు. నిబంధనకు ఉంటుంది. వస్తువు పనికిరానిదని కమిటీ ధ్రువీకరించాలి. ధ్రువీకరించాలంటే వస్తువును కళ్ళారా చూడాలి."

"లోపల ఉంది కదండీ."

"బయటికి తీస్తే చూస్తాం."

"తియ్యడానికే కదండీ అడుగుతున్నాను."

"కమిటీ చూడనిదే తీయడానికి లేదు" అన్నారు ప్రసాద్. ఆయన గొంతులో కోపం లేదు. "ఇందులో వ్యక్తిగతం ఏమీ లేదమ్మా. నా సొంత కళ్ళజోడైనా ఇంతే."

ఆయన ఫైలు దగ్గరుంచుకున్నారు. మర్నాడంతా చదివారు. పన్నెండో తేదీన రెండో మెమో వచ్చింది. నలభై ఏడో నంబరు వస్తువు రోజూ సాయంత్రం ఐదింటికి కార్యాలయ ఆవరణ దాటి వెళ్తోందనీ, పదకొండేళ్ళుగా దానికి గేట్ పాస్ లేదనీ ఆయన గమనించారు. ఇకమీదట ప్రతి సాయంత్రం "తిరిగి తేవలసిన వస్తువులు" అనే గులాబీ రంగు పాస్ తీసుకోవాలి. ఉదయం గేటు దగ్గర అప్పగించాలి. పైగా ప్రతి వస్తువు మీదా స్టాకు నంబరు తెల్ల రంగుతో కనిపించాలి.

పన్నెండున్నరకి సత్తిరాజు రంగు డబ్బా, అచ్చు రేకు పట్టుకుని హైమవతి బల్లకి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు.

"మీ చేతిలో అదేంటండీ?" అన్నారు ఆమె.

"ఏం లేదమ్మా. గడియారానికి నంబరు చెరిగిపోతేనూ" అని అతను గోడ గడియారానికి నంబరు వేసి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. రంగు వేయడానికి వీలుకాని వస్తువుకి బిళ్ళ కట్టవచ్చన్న ఉపనిబంధన దొరికిందని చెప్పి, 47 అని చెక్కిన ఇత్తడి బిళ్ళ ఒకటి బల్ల మీద పెట్టాడు. హైమవతి దాన్ని తాళంచెవుల గుత్తికి తగిలించుకున్నారు.

ఎదురు బల్ల దగ్గర కూర్చునే టైపిస్టు మేరీ సునంద ఇదంతా చూస్తోంది. శనివారం సాయంత్రం అడిగింది.

"అక్కా, ఇవాళ్టి పాస్ మీద సోమవారం దాకా రాశారా?"

"రాశారే."

"అయితే ఆదివారం చర్చికి రావద్దులే. మధ్యలో ఎవరైనా చెక్ చేస్తే 'ఇంటికి' అని ఉంటుంది, చర్చి అని ఉండదు."

"నేనెప్పుడొచ్చానే మీ చర్చికి?"

"ఈ వారం పిలుద్దామనుకున్నాను. పోనీలే."

హైమవతి నవ్వారు. నవ్వుతున్నప్పుడు ఎడమ చేత్తో పక్క పట్టుకున్నారు. సునంద టైపు చేయడం ఆపింది.

కమిటీ ఫిబ్రవరి పద్దెనిమిదిన ఉదయం పదకొండింటికి సమావేశమైంది. అధ్యక్షుడు ప్రసాద్. కన్వీనర్ సత్తిరాజు. సాంకేతిక సభ్యుడు తప్పనిసరి కాబట్టి వర్షమాపకాలు బాగుచేసే మెకానిక్ బోనం అప్పలస్వామిని వేశారు. అతను చేతులకున్న గ్రీజు తుడుచుకుని వచ్చాడు. డాక్టర్ రెహానాను ప్రత్యేక ఆహ్వానితురాలిగా పిలిచారు. వస్తువు ఉన్న చోటు కాబట్టి హైమవతి కూడా హాజరయ్యారు.

"డాక్టరు గారూ, మొదటి అంశం. సదరు వస్తువు ఆయుర్దాయం ఎంత?" అని ప్రసాద్ అడిగారు.

"ఇంత అని చెప్పలేమండీ."

"మా పట్టికలో ప్రతి వస్తువుకీ ఇంత అని ఉంది. బల్లకి ఇరవై ఏళ్ళు. కుర్చీకి పదిహేను. దీనికి లేదు. లేని వస్తువుకి దగ్గరి వస్తువును ప్రాతిపదికగా తీసుకోవాలి. సాంకేతిక సభ్యుల అభిప్రాయం?"

అప్పలస్వామి నేల చూపులు చూశాడు. "నాకేం తెలుస్తదండీ బాబూ. ఆవిడ మా అక్క లాంటిది."

"అభిప్రాయం నమోదు చేయండి" అన్నారు ప్రసాద్. పట్టికంతా వెతికాక, రబ్బరు వేడినీళ్ళ సంచి దగ్గరి వస్తువని అధ్యక్షుడే నిర్ణయించారు. దాని ఆయుర్దాయం మూడేళ్ళు. ఆ లెక్కన నలభై ఏడో నంబరు కాలం తీరి ఎనిమిదేళ్ళయింది. కాలం తీరిన వస్తువును ఎనిమిదేళ్ళు వాడినందుకు హైమవతి వివరణ ఇవ్వాలని తీర్మానించారు.

"రెండో అంశం. ఇది జతలో ఒకటా? జతలో ఒకదాన్ని విడిగా పనికిరానిదిగా తీర్మానించడానికి లేదు."

"కుడివైపుది ఆవిడ సొంతం" అన్నారు డాక్టర్ రెహానా.

"బిల్లు పెట్టారు కదా?"

"మీరు కొట్టేశారు కదండీ" అన్నారు హైమవతి. "సౌందర్యం అని."

ప్రసాద్ పాత ఫైలు తిరగేశారు. "నిజమే. అయితే కుడి ప్రైవేటు, ఎడమ ప్రభుత్వం. ఉమ్మడి యాజమాన్యం. దీన్ని విడిగా పరిశీలించాలి."

"మూడోది" అన్నారు ఆయనే. "వస్తువుతోపాటు వచ్చిన సూచనల పత్రంలో నిర్ణీత కాలంలో స్కాన్ చేయించాలని ఉంది. లాగ్‌బుక్ ఏదీ?"

"లాగ్‌బుక్కా?" అన్నారు డాక్టర్.

"మా జీపుకి కూడా ఉంటుందండీ."

"సార్, నాకు పన్నెండింటికి ఆపరేషనుంది" అన్నారు డాక్టర్ రెహానా. "ఒక్క మాట చెప్పి వెళ్తాను. లోపల చిట్లిన సంచీ ఉంది. చుట్టూ పొర బిగుసుకుంది. ఆవిడ జనవరి నుంచి సరిగ్గా పడుకోలేదు. ఇంకా ఆలస్యం చేస్తే ఆ జెల్లు పొర దాటి పాకొచ్చు. అప్పుడు ఆపరేషన్ పెద్దదవుతుంది. మీ కమిటీ చూడాలంటే స్కాన్ ఫోటో ఇస్తాను, చూడండి."

ప్రసాద్ ఫోటోను వెలుతురుకి పట్టుకుని చూశారు. అప్పలస్వామికి ఇచ్చారు. అతను తలకిందులుగా చూశాడు.

"ఛాయాచిత్రాన్ని వస్తువుగా పరిగణించే నిబంధన లేదు" అన్నారు ప్రసాద్. సమావేశం వాయిదా పడింది. తర్వాతి తేదీ నిర్ణయించలేదు.

ఇరవై నాలుగో తేదీ సాయంత్రం హైమవతి గులాబీ పాస్ కోసం స్టోర్ గదికి వెళ్ళారు. సత్తిరాజు పాస్ రాసి, ఇవ్వకుండా పట్టుకున్నాడు.

"నిద్ర పడతందా అమ్మా?"

"కుడిపక్కనే పడుకుని పడుకుని ఆ భుజం కూడా పోయిందండి. ఇప్పుడు కూర్చుని పడుకుంటన్నాను."

"ఆ రోజు ఆ బిల్లులోది నేను రిజిస్టర్లో రాయకుండా ఉండాల్సిందమ్మా. నంబరు కనబడితే రాసేస్తానండి. మా ఇంట్లో గ్యాస్ బండ నంబరు కూడా రాసుకుంటాను. చెయ్యి ఊరుకోదు."

సత్తిరాజు గది మూలనున్న వర్షమాపకాన్ని చూస్తూ కూర్చున్నాడు. అది మర్నాడు వర్క్‌షాపుకు వెళ్ళాలి. మూడు కాళ్ళ ఇనప స్టాండుకి బిగించి ఉంది. బోల్టులు తుప్పు పట్టి ఆఫీసులో ఊడవు కాబట్టి మాపకాన్ని ఎప్పుడూ స్టాండుతోనే పంపుతారు.

"అమ్మా, మనం తప్పు ఫారం నింపాం" అన్నాడు సత్తిరాజు.

వస్తువును పనికిరానిదిగా తీసివేయడానికి కమిటీ కావాలి. మరమ్మతుకు పంపడానికి కమిటీ అక్కర్లేదు. ముప్పై రోజుల వరకు స్టోర్‌కీపర్ సంతకం చాలు. వర్షమాపకాలు ఏడాదికి నలభైసార్లు అలాగే వెళ్తున్నాయి. సత్తిరాజు పసుపు రంగు పాస్ పుస్తకం తీశాడు. ఆ పాస్ ఇప్పుడు ఫైలులో ఉంది. అందులో ఇలా ఉంది:

"వస్తువు: నం. 47. లోపము: చిట్లినది. పంపు చోటు: మరమ్మతుశాల (ఆస్పత్రి). పంపు విధము: బిగింపులు ఇక్కడ ఊడనందున స్టాండుతో సహా పంపడమైనది."

హైమవతి చదివారు. "నేను స్టాండునా అండీ?"

"ఏమనుకోకండమ్మా. గడి ఖాళీగా వదలకూడదు."

"అనుకోనులెండి. మా ఆయన చాలా అన్నాడు గానీ ఈ మాట ఎప్పుడూ అనలేదు."

మర్నాడు ఉదయం పాస్ నకలు ఉప సంచాలకుడి బల్ల మీదికి వెళ్ళింది. ప్రసాద్ దాన్ని నిబంధనల పుస్తకం పక్కన పెట్టుకుని చదివారు. సత్తిరాజును పిలిచారు.

"మరమ్మతుకు పంపడంలో ఆక్షేపణ ఏముంటుందయ్యా? ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదు? ఆవిడ బాధపడుతుంటే చూస్తూ ఊరుకున్నారా?"

"పొరపాటయిందండి."

వస్తువు ఆవరణలో ఉండదు కాబట్టి హైమవతి సెలవు రద్దు చేయడానికి కారణం లేదని ఆయన రాశారు. అదే రోజు సెలవు మంజూరైంది.

ఇరవై ఏడున ఆస్పత్రిలో డాక్టర్ రెహానా ఆమె మంచం పక్కన కూర్చున్నారు.

"పాతది, దాని చుట్టూ పొర తీసేస్తాను. ఆ తర్వాత మీ ఇష్టం. కొత్త ఇంప్లాంట్ పెట్టొచ్చు. పొట్ట దగ్గర్నుంచి మీ కొవ్వే తెచ్చి చేయొచ్చు, అది పెద్ద ఆపరేషన్. ఏమీ పెట్టకుండా చదునుగా కుట్టేయొచ్చు. కావాలంటే బయట ప్యాడ్ పెట్టుకోవచ్చు. వీటిలో ఏదీ తప్పు కాదు."

"కొత్తదానికీ నంబరుంటదా అండీ?"

"ఉంటుంది. ఉండాలి కూడా. రేపు ఏదైనా లోపం బయటపడితే ఏది ఎవరికి పెట్టామో తెలియాలి కదా. కార్డు మీకే ఇస్తాం. దాన్ని ఆఫీసులో ఇవ్వమని ఎవరూ చెప్పలేదమ్మా."

"నంబరుకి భయపడి కాదులెండి" అన్నారు హైమవతి. "అప్పుడు నాకు నలభై అయిదు. అద్దంలో చూసుకుంటే పాతమనిషి కనపడాలనుండేది. అది పెట్టించుకున్నందుకు నేనేం బాధపడట్లేదు. పదేళ్ళు హాయిగా ఉన్నాను. ఇప్పుడు మాత్రం పక్కకి తిరిగి పడుకోవాలనుంది. అంతేనండీ. చదునుగా కుట్టెయ్యండి."

"ఇంట్లో మాట్లాడారా?"

"మా ఆయన్ని అడిగాను. నీకు నిద్ర పట్టేదేదో అది చేయించుకోవే, నువ్వు మేలుకుంటే నన్నూ మేలుకోబెడతన్నావు అన్నాడు."

ఇరవై ఎనిమిదో తేదీ, శుక్రవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఆపరేషన్ మొదలై తొమ్మిది ముప్పావుకి పూర్తయింది.

మార్చి మూడున ఆస్పత్రి నుంచి ఆఫీసుకు ఒక పార్సిలు వచ్చింది. మూత బిగించిన పారదర్శక ప్లాస్టిక్ డబ్బా, డాక్టర్ ఉత్తరం. సత్తిరాజు పసుపు పాస్ వెనక "వస్తువు చేరినది. స్టాండు ఇంకా చేరలేదు" అని రాశాడు. స్టాండు రాకపోవడానికి కారణం తెలపాలని ప్రసాద్ అడిగారు. స్టాండు వైద్య కారణాలతో సెలవులో ఉందని సత్తిరాజు సమాధానం రాశాడు. ప్రసాద్ దాన్ని ఆమోదించారు.

వస్తువును కళ్ళారా చూసే అవకాశం వచ్చింది కాబట్టి పన్నెండో తేదీన కమిటీ మళ్ళీ కూర్చుంది. డబ్బా బల్ల మధ్యలో పెట్టారు. ముగ్గురూ కొంతసేపు చూశారు.

"ఇంతేనా?" అన్నారు ప్రసాద్.

ఈసారి వస్తువు హైమవతి దగ్గర లేదు, బల్ల మీద ఉంది కాబట్టి అప్పలస్వామికి నోరు పెగిలింది. డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ వంచాడు. "ఇదిగోండి, ఇక్కడ చీలిందండి. మహా అయితే అంగుళం ఉంటది. ఇలాంటివి రోజూ చూస్తానండి. గరుకు కాయితంతో రుద్ది ప్యాచీ వేస్తే పట్టేస్తది."

"అంటే మరమ్మతుకు యోగ్యం?"

"జీపు ట్యూబైతే యోగ్యమేనండీ. ఇదీ..."

"యోగ్యం" అని ప్రసాద్ రాయించారు. మరమ్మతుకు యోగ్యమైన వస్తువును పనికిరానిదిగా తీర్మానించే అధికారం కమిటీకి లేదు. సత్తిరాజు ఏదో చెప్పబోయాడు. కన్వీనరుకు ఓటు లేదని అధ్యక్షుడు గుర్తుచేశారు.

ఇరవై నాలుగున హైమవతి విధుల్లో చేరారు. బల్ల మీద మెమో ఉంది. "సదరు వస్తువును తగు మరమ్మతు చేయించి, యథాస్థానమందు అమర్చుకొని, మార్చి 31వ తేదీ భౌతిక తనిఖీ నాటికి సిద్ధముగా ఉంచవలెను."

సునంద వచ్చి భుజం మీదుగా చదివింది. "అక్కా, ప్యాచీ అంట."

"అవునంటే."

"అప్పలస్వామి వేస్తాడంట."

"పాపం వాడినేం అనకే. వాడికి తెలిసింది వాడు చెప్పాడు."

హైమవతి ఒక తెల్లకాగితం తీసుకుని సమాధానం రాశారు. ఒకే వాక్యం. ఆ వస్తువును అమర్చవలసిన చోటు ఫిబ్రవరి 28 నుంచి లేదు, డాక్టర్ ధ్రువపత్రం జతచేశాను. కాగితం తనే తీసుకెళ్ళి ఇచ్చారు.

"చోటు లేదంటే?" అన్నారు ప్రసాద్.

"చదునుగా ఉందండి."

ప్రసాద్ బల్ల మీది పెన్నుల డబ్బా వైపు చూశారు. "మళ్ళీ చోటు ఏర్పాటు చేయించుకునే అవకాశం వైద్యశాస్త్రంలో లేదామ్మా?"

"ఉందండి."

"మరి?"

"నాకు అక్కర్లేదండి."

ప్రసాద్ నిబంధనల పుస్తకం తెరిచారు. విషయసూచిక చూశారు. వస్తువు పోతే, విరిగితే, కాలిపోతే, వరదలో కొట్టుకుపోతే ఏం చేయాలో అందులో ఉంది. హైమవతి నిలబడే ఉన్నారు. ఆయన చివరి అనుబంధం దాకా వెళ్ళి, వెనక్కి తిప్పి, పుస్తకం మూశారు.

"నొప్పి ఎలా ఉందమ్మా?"

"తగ్గిందండి."

ఆయన కాగితం కింద "చూశాను" అని రాసి సంతకం చేశారు.

ముప్పై ఒకటిన సత్తిరాజు స్టోర్ గదిలో బీరువా తెరిచి, డబ్బా చూసి, నలభై ఏడు ఎదురుగా టిక్కు పెట్టాడు.

ఏప్రిల్ ఆరో తేదీ, ఆదివారం మధ్యాహ్నం భోజనం చేశాక హైమవతి ఎడమ పక్కకి తిరిగి పడుకుని గంటా ఇరవై నిమిషాలు నిద్రపోయారు. ఈ సంగతి ఆమె భర్త చెప్పారు. హైమవతి ధ్రువీకరించారు.